పెంటదిబ్బ నుండి పట్టణ కంపోస్టు వరకు

పూర్వం మన పల్లెలలో దాదాపు ప్రతి రైతు ఇంటి పెరటిలోనూ పెంటదిబ్బ ఉండేది. పేడ, కసవు, బూడిద, ఎంగిలాకులు అన్నీ అందులో పడేవి. వేసవిలో ఆ ఎరువును బండ్లకెత్తి పొలానికి తోలేవారు. కాని దిబ్బలో జరిగే మార్పు ఎట్టిది? దాని సారంలో ఎంత పొలానికి చేరుతుంది, ఎంత ఎండకూ వానకూ పోతుంది? ఈ ప్రశ్నలకు కొలతలతో సమాధానం వెదకిన పరిశోధన మన దేశంలోనే, ఇండోరు నగరంలో, జరగడం గమనింపదగినది.

ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు 1905లో బీహారులోని పూసా పరిశోధనాలయానికి వచ్చాడు. 1924లో ఇండోరులో పంటమొక్కల పరిశోధన సంస్థ ఏర్పడగా దానికి అధిపతి అయ్యాడు. అక్కడ ఆయనను ఎదుర్కొన్న సమస్య ఇది: రైతు పేడలో పెద్ద భాగం పిడకలై పొయ్యిలోకి పోతున్నది. పత్తికట్టె, కలుపుమొక్కలు, రాలిన ఆకులు వృథా అవుతున్నవి. మిగిలిన కొద్దిపాటి పేడతోనే వీటినన్నిటినీ ఎరువుగా మార్చలేమా? చైనా రైతులు శతాబ్దాలుగా ఇట్టి పని చేస్తున్నారని 1911లో వెలువడిన ఎఫ్. హెచ్. కింగ్ గ్రంథం వల్ల ఆయనకు తెలుసు.

హోవర్డ్, రసాయనశాస్త్రజ్ఞుడైన యశ్వంత్ వాడ్ కలిసి ఈ పనికి పూనుకున్నారు. గట్టి పత్తికట్టెను బాటపై పరచి బండి చక్రాల క్రింద నలగనిచ్చారు. నలిగిన దానిని పశువుల క్రింద పరిచి మూత్రంతో తడిపారు. తరువాత ఈ చెత్తను పొరలుగా పేర్చి, పొరల మధ్య పేడ, మూత్రం ఇంకిన మట్టి, కట్టెల బూడిద చల్లారు. మూడు నెలలలో మూడుసార్లు తిరగవేయగా నల్లని మెత్తని ఎరువు తయారైనది. ఈ ఫలితాలను వారు 1931లో గ్రంథరూపంలో ప్రకటించారు. దీనికే ఇండోరు పద్ధతి అని పేరు.

తిరగవేయడం ఎందుకు? కుప్పలో పనిచేసేది శిలీంధ్రాలు, బాక్టీరియాలు. వాటికి ఆహారంగా కర్బనం, దేహనిర్మాణానికి నత్రజని, శ్వాసకు ఆమ్లజని, వీటితోపాటు నీరు కావాలి. అవి చెత్తను ఆక్సీకరించేటప్పుడు వేడి పుట్టి కుప్ప సుమారు 65 సెంటీగ్రేడు డిగ్రీల వరకు కాగుతుంది. ఆ వేడికి ఈగల పురుగులు, రోగక్రిములు, కలుపు విత్తనాలు చాలవరకు నశిస్తాయి. ఆరంభంలో నత్రజని 1 వంతుకు కర్బనం 30 వంతులు ఉండడం అనుకూలం. కర్బనం బొగ్గుపులుసు వాయువుగా పోగా, చివరకు అది 10 వంతుల దరిదాపునకు దిగుతుంది. నీరు ఎక్కువై గాలి ఆడకపోతే వేరొక జాతి క్రిములు తలయెత్తి, కుప్ప కుళ్ళి దుర్గంధం వేస్తుంది.

తోటచెత్తనూ వంటింటి చెత్తనూ కలపడంలోని రహస్యం ఇదే. ఎండుటాకులలో కర్బనం అధికం, నీరు తక్కువ. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం తడిగా ఉంటాయి, వాటిలో నత్రజని కూడా హెచ్చు. ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. పైగా ఆకులు కుప్పలో గాలికి సందులు కల్పిస్తాయి.

పొలంలో నెగ్గిన పద్ధతి పట్టణంలో నెగ్గునా? 1934లో జాక్సన్, వాడ్ దీనిని జనావాసాల చెత్తకు అన్వయించి చూపారు. అయితే పెద్ద కుప్పలను తిరగవేయడానికి కూలి ఖర్చు ఎక్కువ. అందుచేత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సి. ఎన్. ఆచార్య 1939లో మరొక మార్గం రూపొందించారు. కందకాలలో చెత్తను, మలాన్ని పొరలుగా నింపి పైన మట్టి కప్పుతారు. తిరగవేయనక్కరలేదు, కాని ఎరువు సిద్ధం కావడానికి 6 నుండి 8 నెలలు పడుతుంది. 1940వ దశకంలో దేశంలోని అనేక మునిసిపాలిటీలు పట్టణ కంపోస్టు తయారీకి పూనుకున్నాయి.

తరువాత యంత్రాలు వచ్చాయి. 1970వ దశకంలో మన పెద్ద నగరాలు కొన్నింటిలో యాంత్రిక కంపోస్టు కర్మాగారాలు నెలకొన్నాయి. కాని వాటికి చేరినది కలగలుపు చెత్త. గాజుపెంకులు, లోహపు ముక్కలు, ప్లాస్టిక్కు కలిసిన ఎరువును రైతు కొనడానికి వెనుకాడాడు. వానిలో అనేకం మూతపడ్డాయి. సూక్ష్మజీవులు తమ పని తాము చేశాయి. కాని గాజును, ప్లాస్టిక్కును అవి జీర్ణించుకోలేవు గదా! అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2009లో కంపోస్టుకు పనికివచ్చే చెత్తను వేరుచేయడం విధిగా శాసించింది. మన దేశంలోనూ 2016 నాటి నియమాలు తడి చెత్తను, పొడి చెత్తను ఇంటివద్దనే వేరుపరచాలని నిర్దేశించాయి.

2022లో అదే ఇండోరు నగరంలో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుండి వాయు ఇంధనం తీసే కర్మాగారం ఆరంభమైనది. అందులో కంపోస్టు కూడా లభిస్తుంది. ఇళ్ళలో వేరుచేసిన చెత్తయే దానికి ముడిసరుకు.

ఉపాధ్యాయులు పాఠశాల తోటలో మూడడుగుల ఎత్తు కుప్పలు రెండు వేయించవచ్చు. ఒకదానిని వారానికొకసారి తిరగవేయించి, రెండవదానిని అట్లే ఉంచాలి. ప్రతిదినం ఉష్ణమాపకంతో రెండింటి వేడిని కొలిచి విద్యార్థులచే పట్టిక వ్రాయించాలి. గాలి చేసే పని ఏమిటో ఆ పట్టికయే వారికి చెబుతుంది.