బరంపురం నుంచి డబ్లిన్‌కు



మన హోసూరు, కృష్ణగిరి వైపు పిల్లలకు పరాయి భాష కొత్తేమీ కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. బస్సెక్కితే బెంగుళూరు ఎంతో దూరం లేదు. అయినా చదువు కోసమో, ఫ్యాక్టరీలో పని నేర్చుకోవడానికో మన కుర్రవాడు ఆరు నెలలు విదేశం వెళ్లాలంటే ఇంటిల్లిపాదికీ నిద్రపట్టదు. అక్కడ ఏం తింటాడు? ఎవరితో తిరుగుతాడు? వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొస్తాడా?

ఈ ప్రశ్నలు ఎనభై, నూరేళ్ల క్రితం మరీ గట్టిగా ఉండేవి. అలా వెళ్లిన ఒక తెలుగు కుర్రవాడి కథ ఈ పూట చెప్పుకుందాం. ఆయన కూడా మనలాగే సరిహద్దు మనిషి. వరాహగిరి వెంకటగిరి, అంటే వి.వి. గిరి, 1894లో బరంపురంలో పుట్టారు. ఆనాడది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్లింది, ఇళ్లలో తెలుగు మిగిలింది. మనకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. కొడుకునూ వకీలును చేయాలనుకున్నారు. 1913లో గిరి ఐర్లండులోని డబ్లిన్‌కు వెళ్లారు. అందరూ లండన్ వెళుతుంటే డబ్లిన్ ఎందుకంటారా? 1909లో లండన్‌లో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపిన తరువాత అక్కడి భారతీయ విద్యార్థులమీద పోలీసుల కన్ను పడింది. ఆ కన్ను డబ్లిన్‌లో కొంత తక్కువ. అదీ ఎన్నాళ్లో నిలవలేదనుకోండి.

ఆయన యూనివర్సిటీ కాలేజీలోనూ, బారిస్టరీ కోసం కింగ్స్ ఇన్స్‌లోనూ చేరారు. ఇక్కడొక వింత చెప్పాలి. బారిస్టరు కావాలంటే పరీక్షలు ప్యాసయితే చాలదు. ఆ సంస్థ భోజనశాలలో పెద్దలతో, తోటివారితో కలిసి నియమం ప్రకారం ఇన్ని విందులు తినాలి. బల్ల ముందు కూర్చోవడం, మాట కలపడం, పెద్ద వకీళ్ల సంభాషణ వినడం, ఇవన్నీ చదువులో భాగమే. మడి, ఆచారం మధ్య పెరిగిన పంతొమ్మిదేళ్ల పిల్లవాడికి చట్టం పుస్తకాల కంటే ఆ బల్లే కష్టమైన పరీక్ష అయివుంటుందని నా ఊహ.

కాని అసలు పాఠాలు వీధిలో జరిగాయి. గిరి వెళ్లిన ఏడే డబ్లిన్‌లో పెద్ద కార్మిక పోరాటం వచ్చింది. జిమ్ లార్కిన్ సంఘంలో చేరబోమని సంతకం పెట్టమని యజమానులు పట్టుబట్టారు. కార్మికులు పెట్టమన్నారు. సుమారు ఇరవై వేలమందికి ఫ్యాక్టరీల, ట్రాముల గేట్లు మూసేశారు. ఆగస్టు నుంచి మరుసటి జనవరి దాకా నగరంలో ఆకలి. ఇంగ్లండు కార్మికులు చందాలు వేసుకుని ఓడల్లో తిండి పంపారు. చివరికి కార్మికులే ఓడిపోయారు. తెల్లదొరలందరూ కలిగినవాళ్లేనని మన దేశంలో ఆనాడు అనుకునేవారు. ఆ తెల్లవాళ్లలోనే కూలి కోసం దెబ్బలు తినేవాళ్లున్నారని కళ్లారా చూడడం మన కుర్రవాడికి చిన్న విషయం కాదు.

1914లో లండన్‌లో గాంధీగారిని కలిశారు. యుద్ధంలో గాయపడినవారికి సేవ చేయమని గాంధీగారు కోరితే ముందు చేరి, తరువాత తప్పుకున్నారు. దక్షిణాఫ్రికాలో భారతీయుల కష్టాలమీద తోటి విద్యార్థులతో కలిసి ఒక కరపత్రం వేశారు. అది పోలీసుల చేతిలో పడింది. అంతటితో డబ్లిన్‌లోనూ నిఘా మొదలు.

కాలేజీలో ఆయనకు ఇంగ్లీషు చెప్పిన థామస్ మెక్‌డోనా కవి. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారంనాడు, ఐరిష్ స్వాతంత్ర్యవీరులు డబ్లిన్ పోస్టాఫీసును పట్టుకుని స్వాతంత్ర్యం ప్రకటించారు. ఆ ప్రకటనమీద సంతకం చేసిన ఏడుగురిలో మెక్‌డోనా ఒకరు. తిరుగుబాటు వారం తిరక్కుండా అణగిపోయింది. మే 3న ఆయనను కాల్చి చంపారు. మొన్నటిదాకా తరగతిలో పద్యం చెప్పిన మాస్టారు! జేమ్స్ కనొలీ అనే కార్మిక నాయకుణ్ణి, గాయాలతో నిలబడలేకపోతే కుర్చీకి కట్టి కాల్చారు.

గిరిమీదా అనుమానం పడింది. జూలై 1లోగా ఐర్లండు విడిచిపొమ్మన్నారు. జూన్ 21న బారిస్టరుగా పేరు నమోదైంది, బి.ఏ. మాత్రం సగంలో ఆగిపోయింది.

తిరిగొచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. నిలవలేదు. సహాయ నిరాకరణలో దిగారు, ఆపైన రైల్వే కార్మికుల మధ్యకు వెళ్లారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెలో ముందున్నది ఆయనే. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు శాసనసభకు వచ్చారు.

ఇక్కడ కథ మన ఊరికి చేరుతుంది. ఆ ఏడు మద్రాసులో మంత్రివర్గం ఏర్పరచినవారు రాజాజీ, హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టినవారు. ఆయన చదువు హోసూరు, బెంగుళూరు, మద్రాసులతో సరిపోయింది. అమెరికా వెళ్లి కెనెడీని కలిసింది 1962లో, ఎనభై మూడేళ్ల వయసులో. అలాంటి రాజాజీ, డబ్లిన్‌లో చదివిన గిరికి కార్మిక శాఖ, పరిశ్రమల శాఖ అప్పగించారు.

గిరిగారి పట్టు ఒకటే: తగవు వస్తే యజమాని, కార్మిక సంఘం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, ప్రతిదానికీ ప్రభుత్వం, ట్రిబ్యునల్ మధ్యలో దూరకూడదు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక కూడా ఇదే చెప్పారు. ఆయన మాట పూర్తిగా నెగ్గలేదు. సంఘాలు బలహీనంగా ఉన్నచోట ఎదురెదురుగా కూర్చుంటే బలవంతుడిదే పైచేయి అవుతుందన్నవాళ్లున్నారు, అందులో నిజం లేకపోలేదు. 1970లలో సిప్‌కాట్ వచ్చాక హోసూరులో వేతన ఒప్పందాల దగ్గర కూర్చున్నవారికి ఈ రెండు వాదాలూ తెలిసినవే.

1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మార్చింది. గిరిగారు మంత్రి పదవికి రాజీనామా ఇచ్చి ఇంటికి వెళ్లిపోయారు. అప్పటికి డబ్లిన్ విడిచి ముప్ఫై ఎనిమిదేళ్లు.