నివారణ మాత్ర: తయారీ నుండి చేరువ వరకు

హెచ్‌ఐవి సోకినవారి చికిత్స గురించి మీరు ఇదివరకే చదివారు. ఈ భాగంలో వైరస్ సోకకుండా ముందుగా వాడే మందు చరిత్రను పరిశీలిద్దాం. దీనిని వాడుకలో ‘ప్రెప్’ అంటారు. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, ఎమ్‌ట్రిసిటబిన్ 200 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర ఇది. హెచ్‌ఐవి లేనివారు క్రమం తప్పక రోజూ వేసుకుంటే లైంగిక సంపర్కం వల్ల వైరస్ సోకే అవకాశం బాగా తగ్గుతుంది. అయితే మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవి పరీక్ష, మూత్రపిండాల పరీక్ష తప్పనిసరి. తర్వాత మూడు నెలలకోసారి హెచ్‌ఐవి పరీక్ష చేయించుకోవాలి. అంటే, ఆసుపత్రికి మళ్లీమళ్లీ వెళ్లాలి. ఈ అంశాన్ని గుర్తుంచుకోండి.

ఈ మాత్ర పనిచేస్తుందని 2010లో వెల్లడించిన ఐప్రెక్స్ పరిశోధనలో 2,499 మంది పాల్గొన్నారు. వారు పురుషులతో సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్‌జెండర్ మహిళలు. అత్యధికులు పెరూ, ఈక్వడార్ దేశాలవారు. 2012లో అమెరికా ప్రభుత్వం మాత్రను అనుమతించింది. కానీ ఆ దేశంలో స్థిరపడిన లాటినో పురుషులకు అది శ్వేతజాతివారికి అందినంతగా అందలేదు. బీమా లేకపోవడం, భాష, వలస పత్రాల భయం, ఇంట్లో తెలుస్తుందన్న బెరుకు ఇందుకు కారణాలు. తమవంటివారే పరీక్షలకు ముందుకొచ్చి నిరూపించిన మందు వారి దాకా రాలేదన్నమాట.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ మందు తయారీ పెద్ద సమస్య కాదు. టెనోఫోవిర్‌పై గిలియడ్ కంపెనీ కోరిన పేటెంటును భారత పేటెంటు కార్యాలయం 2009లో తిరస్కరించింది. అభ్యంతరం తెలిపినవారిలో బ్రెజిల్‌కు చెందిన అబియా అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఉండటం విశేషం. హైదరాబాదులోని హెటిరో, అరబిందో, విశాఖ దగ్గర కర్మాగారాలున్న లారస్ సంస్థలు ఈ కోవ మందులను తయారుచేసి విదేశాలకు పంపుతున్నాయి. మరి ఆ మాత్ర ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల యువకునికి ఎందుకు దూరమయింది?

దీనికి సమాధానం చట్ట చరిత్రలో కొంత దొరుకుతుంది. 1994లో తీహార్ జైలు అధికారులు ఖైదీలకు కండోములు ఇవ్వడానికి నిరాకరించినపుడు, ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంఘం 377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. 2001లో లక్నోలో హెచ్‌ఐవి నివారణ కార్యకర్తలనే పోలీసులు అరెస్టు చేసి, నలభై రోజులకు పైగా జైలులో ఉంచారు. 2009లో హైకోర్టు ఇచ్చిన ఊరట 2013లో సుప్రీంకోర్టులో పోయింది. చివరకు 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు వయోజనుల పరస్పర సమ్మతి గల సంబంధాలను నేరం కాదన్నది. నాలుగు రోజులకే, సెప్టెంబరు 10న, గోప్యతకు హామీనిచ్చే 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం అమలులోకి వచ్చింది.

ఇప్పుడు కడప జిల్లా పటం చూడండి. 2003లో గేట్స్ ఫౌండేషన్ ప్రారంభించిన ఆవాహన్ కార్యక్రమం కింద రాయలసీమ జిల్లాల్లో పని జరిగింది. సాటి మనుషులే కార్యకర్తలై, కండోములనూ సుఖవ్యాధుల చికిత్స సమాచారాన్నీ మనిషి ఉన్నచోటికే తీసుకెళ్లడం ఆ పద్ధతి. 2004 ఏప్రిల్ 1 నుండి మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో సోకినవారికి ఉచిత మందులు మొదలయ్యాయి. నివారణ మాత్ర మాత్రం ఎక్కువగా ప్రైవేటు వైద్యుని చీటీతో, సొంత డబ్బుతో కొనుక్కునేదిగానే మిగిలింది. పైగా దాని కోసం మనిషే నడిచి రావాలి. జమ్మలమడుగు వంటి ఊరిలో ఓపీ చీటీ రాసేచోట మేనమామ కొడుకు కూర్చుని ఉండవచ్చు. పెళ్లయి, పిల్లలున్న మనిషి ‘నాకు ఈ మాత్ర కావాలి’ అని అక్కడ చెప్పడం తేలికా? చట్టం ఆసుపత్రి రికార్డును కాపాడగలదు. వరుసలో వెనుక నిలబడినవాని చూపును ఆపలేదు. ఇక్కడ అసలు అడ్డంకి ఇదేనని మా అభిప్రాయం. ధరది రెండో స్థానం.

ఆరు నెలలకోసారి తీసుకునే లెనకాపవిర్ ఇంజెక్షను 2024 పరీక్షలలో మంచి ఫలితాలిచ్చింది. దాని చవక రకం తయారీకి గిలియడ్ అనుమతి పొందిన ఆరు సంస్థలలో రెండు, హెటిరో, డాక్టర్ రెడ్డీస్, హైదరాబాదువే. 120 దేశాలకు వర్తించే ఆ ఒప్పందంలో, పరీక్షలు జరిగిన పెరూ, బ్రెజిల్, మెక్సికో, అర్జెంటీనాలకు చోటు దక్కలేదు. పులివెందుల వాసికి ఈ ఇంజెక్షను వల్ల కలిగే తేడా ఏమిటంటే, రోజూ ఇంట్లో దాచుకోవలసిన మాత్రల డబ్బా ఉండదు. ఏడాదికి రెండుసార్లు కడపకో, కర్నూలుకో వెళ్లి వస్తే సరిపోతుంది.