గొర్రెల కాపరి రక్తంలో బ్రూసెల్లా జాడలు

కర్ణాటకలోని పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర సరిహద్దే. నిడుగల్లు కొండ చుట్టుపక్కల ఊళ్లలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ మామూలు. వానలు అంతంతమాత్రమైన ఈ నేలలో వేరుశనగ దెబ్బతిన్న ఏడాది ఇంటిని ఆదుకునేవి గొర్రెలూ మేకలే. ఈనలేక అవస్థపడే గొర్రెను కాపరి వట్టి చేతులతోనే పట్టుకుని పిల్లను లాగుతాడు, మాయను తీసి పారేస్తాడు. అది నెలలు నిండకుండా ఈసుకుపోయిన గొర్రె అయితే ఆ మాయలో, ఉమ్మనీటిలో బ్రూసెల్లా మెలిటెన్సిస్ అనే బాక్టీరియా కుప్పలుగా ఉండవచ్చు. చేతి మీది గీత, కంట్లో పడ్డ తుంపర, కాచని పాలు, ఏ దారైనా దానికి చాలు.

ఆ తర్వాత కొన్ని వారాలకు జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు. ఇదే బ్రూసెల్లోసిస్. టైఫాయిడ్ అనో మలేరియా అనో మందులు పడతాయి. నొప్పి వెన్నులో నిలిచిపోతే క్షయ అనుకోవడమూ ఉంది. అసలు సంగతి రక్తపరీక్ష చెబుతుందన్నది మన నమ్మకం. ఆ నమ్మకానికి కొన్ని హద్దులున్నాయి.

చాలా బాక్టీరియాల పైపొరను చూడగానే మన రక్షణ కణాలు గగ్గోలు పెడతాయి. బ్రూసెల్లా పైపొర నిర్మాణం వేరు కాబట్టి తొలి హెచ్చరిక బలహీనంగా ఉంటుంది. మాక్రోఫేజ్ కణం దాన్ని మింగుతుంది గానీ అరిగించుకోలేదు. బాక్టీరియా ఆ కణం లోపలే ఒక గది ఏర్పరచుకుని సంఖ్య పెంచుకుంటుంది. అక్కడ దాగినదాన్ని యాంటీబాడీలు తాకలేవు. టి కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా మాక్రోఫేజ్‌ను రెచ్చగొడితేనే లోపలి బాక్టీరియా చస్తుంది. ఇందుకు గట్టి రుజువులు ఎక్కువగా ఎలుకల ప్రయోగాల నుంచి వచ్చాయి. దీర్ఘకాలిక రోగుల్లో ఈ టి కణాల స్పందన మందగించినట్లు చూపిన అధ్యయనాలున్నాయి. అయితే ఆ మందగింపు వల్ల జబ్బు ముదిరిందా, జబ్బు ముదిరి స్పందన మందగించిందా అనేది వాటితో తేలే విషయం కాదు.

మనం మామూలుగా కొలిచేది మాత్రం యాంటీబాడీలనే. రోజ్ బెంగాల్ పరీక్షలో పలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క గులాబీ రంగు యాంటిజెన్ వేసి కలిపి, నాలుగు నిమిషాలు మెల్లగా ఊపుతారు. యాంటీబాడీలు ఉంటే ఆ రంగు విరిగిన పాలలా రేణువులు కడుతుంది. చవకైన పరీక్ష, ఊరి ఆసుపత్రిలోనూ చేయవచ్చు. అయితే అది చూపేది బాక్టీరియా తగిలిన జాడను. నేటి జబ్బునూ పాత తాకిడినీ వేరు చేయదు. జబ్బు మొదటి వారంలో ఐజీఎం రకం యాంటీబాడీలు, రెండు మూడు వారాలకు ఐజీజీ రకం పెరుగుతాయి. నయమైతే ఐజీజీ నెలల తరబడి మెల్లగా తగ్గుతుంది, తిరగబెడితే మళ్లీ ఎగబాకుతుంది. సీరాన్ని పలచన చేస్తూ పోయే ట్యూబు పరీక్షలో, యాంటీబాడీలు కనిపించే చివరి పలచన స్థాయే టైటర్; 1:160ను సాధారణంగా హద్దుగా తీసుకుంటారు. ఏటా ఈతల కాలంలో బాక్టీరియా తగులుతూనే ఉండే కాపరికి జబ్బు లేకున్నా టైటర్ ఉండవచ్చు. మరోవైపు, యాంటీబాడీలు మరీ ఎక్కువైతే పలచన చేయని సీరంలో రేణువులే కట్టక పరీక్ష తప్పుగా నెగటివ్ చూపుతుంది. ఆరితేరిన టెక్నీషియన్ సీరాన్ని పలచన చేసి మళ్లీ చూస్తాడు.

కర్ణాటకలో దీనిపై పెద్ద ఆధారం విజయపుర ప్రాంతానిది. మంటూర్ బృందం 2006లో ప్రచురించిన పదహారేళ్ల పరిశీలనలో 26,948 మంది పెద్దల రక్త నమూనాలను వడగడితే 495 మందిలో బ్రూసెల్లోసిస్ తేలింది. అంటే నూటికి ఇద్దరికి కాస్త తక్కువ. అయితే వాళ్లంతా ఆసుపత్రికి వచ్చినవాళ్లు. ఆ శాతాన్ని తెచ్చి నిడుగల్లు కాపరులకు అంటగట్టడం శాస్త్రం అనిపించుకోదు. ఆసుపత్రి గడప తొక్కని కాపరి ఆ లెక్కలో లేడు, మంద మొహమే చూడని రోగి ఉండవచ్చు.

“మాకు అలవాటైపోయింది, ఏమీ కాదు” అనే మాట మందల దగ్గర వినబడేదే. ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్లీ సోకిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి కనుక ఆ ధీమాకు ఆధారం తక్కువ. మనుషులకు వాడుకలో ఉన్న టీకా లేదు. పశువులకుంది: 2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలో నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆవు, గేదె పెయ్యలకు వేస్తున్నారు. నా దృష్టిలో అసలు లోటు ఇక్కడే ఉంది. మనిషికి ఎక్కువ తీవ్రంగా సోకే మెలిటెన్సిస్‌కు ప్రధాన నెలవు గొర్రెలూ మేకలూ. ఆ పెయ్యల టీకా వాటి దాకా రాదు.

చికిత్స తెలిసిందే: డాక్సీసైక్లిన్‌తో పాటు రిఫాంపిసిన్, ఆరు వారాలు. రెండో వారానికే ఒళ్లు తేలికపడి మందు మానేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. కాపరికి జబ్బు తేలినప్పుడు అదే మంద చూసుకునే, అవే పాలు తాగే ఇంటివాళ్ల రక్తమూ చూడాలి. వాళ్లలో జ్వరం, నొప్పి లేని మనిషికి తక్కువ టైటర్ కనిపిస్తే వెంటనే ఆరు వారాల మందు రాయడం తొందరపాటే. కొన్ని వారాలు ఆగి, అదే ల్యాబులో, అదే పద్ధతిలో మళ్లీ కొలిచి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడటం మేలు.