గ్లేషియల్ ఎసిటిక్ ఆసిడ్ - పేరు వెనక చలి కథ

ఇంటర్‌లో కెమిస్ట్రీ ల్యాబుకి వెళ్ళినవాళ్ళలో చాలామంది "గ్లేషియల్ ఎసిటిక్ ఆసిడ్" అని రాసున్న సీసా చూసే ఉంటారు. వెనిగర్‌లో ఉండే ఆమ్లానికీ, మంచుకీ ఏంటి సంబంధం? ఇది మార్కులొచ్చే ప్రశ్న కాదు కాబట్టి మనం అడగం. కానీ కథ మాత్రం బాగుంటుంది.

వెనిగర్‌ని చలిలో పెట్టి చిక్కబరచడం పాత పద్ధతే. ముందు గడ్డకట్టేది నీరు. ఆ మంచు తీసేస్తే మిగిలేది ఘాటుగా ఉంటుంది. దీన్ని చివరిదాకా తీసుకెళ్ళినవాడు టోబియాస్ లోవిట్జ్ (1757-1804). జర్మనీలో పుట్టి, సెయింట్ పీటర్స్‌బర్గ్ రాజాస్థాన ఔషధశాలలో పనిచేశాడు. ఖగోళ శాస్త్రజ్ఞుడైన తండ్రిని 1774లో పుగచోవ్ తిరుగుబాటుదారులు చంపేశారు. కొడుకు బతికి బయటపడ్డాడు. ద్రవాల్లోని మలినాలను బొగ్గుపొడి పట్టేస్తుందని 1785లో గమనించాడు. 1789లో అదే బొగ్గు సాయంతో ఆమ్లాన్ని శుద్ధి చేసి చల్లబరిస్తే, ఈసారి గడ్డకట్టింది నీరు కాదు, ఆమ్లమే! చూడ్డానికి అచ్చం మంచుగడ్డ. గ్లేషియల్ అంటే అదన్నమాట.

స్వచ్ఛమైన ఎసిటిక్ ఆసిడ్ 16.6 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. ఒక్క శాతం నీరు కలిసినా ఆ అంకె ఒకటిన్నర డిగ్రీలకు పైగా పడిపోతుంది. అంటే జనవరి రాత్రి హైదరాబాదులో సీసా గడ్డకట్టిందంటే సరుకు చెడిపోయినట్టు కాదు, స్వచ్ఛంగా ఉన్నట్టు. గది వేడిలోనో, గోరువెచ్చని నీళ్ళలోనో నిదానంగా కరిగిస్తే చాలు. మంట దగ్గర పెట్టకూడదు: 40 డిగ్రీల దగ్గర్లోనే దాని ఆవిరి అంటుకుంటుంది. పైగా కరిగేటప్పుడు వ్యాకోచిస్తుంది కూడా.

ఇంతకీ గడ్డకడితే ఎందుకు శుభ్రపడుతుంది? స్ఫటికం తనలాంటి అణువులనే చేర్చుకుని, మిగతావాటిని బయటకి నెట్టేస్తుంది. లోవిట్జ్‌కి వరమైన ఈ గుణమే యాక్రిలిక్ ఆసిడ్ దగ్గర శాపమైంది. పెయింట్లు, డైపర్ల తయారీకి వాడే ఈ ఆమ్లం 13-14 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. దానంతటది పాలిమర్‌గా మారిపోకుండా అందులో నిరోధకం కలుపుతారు. గడ్డకట్టినప్పుడు ఆ నిరోధకం ద్రవంలోనే ఉండిపోతుంది, గడ్డలో రక్షణ ఉండదు. తొందరపడి ఆవిరితో వేడిచేస్తే డ్రమ్మే పేలచ్చు. సగం కరిగినప్పుడు పైద్రవాన్ని వంపేసినా అంతే, నిరోధకమంతా దాంతోనే పోతుంది. అందుకే నిదానంగా, పూర్తిగా కరిగించి బాగా కలపాలంటారు.

నా మటుకు నాకు లేబుల్ మీది రెండు లైన్ల హెచ్చరిక, పాత కోడ్‌లో ఎవరో రాసిపెట్టిన కామెంట్ లాంటిది. ఎందుకు రాశారో తెలియకుండా చెరిపేయకూడదు.