అడ్డపొగ నేర్పిన పాఠం



క్యాన్సర్ అన్న మాట వినగానే మనలో చాలామందికి గుండె జారిపోతుంది. వెనకటి రోజుల్లో పెద్దవాళ్ళు దాన్ని రాచపుండు అనేవారు, అదీ గొంతు తగ్గించి. నుదుటి రాత అని కొందరు, చేసుకున్న పాపమని కొందరు సరిపెట్టుకునేవారు. ఈనాటికీ అలా అనుకునే ఇళ్ళు లేకపోలేదు. ఈ ప్రసంగంలో నేను మీకు మనవి చేయదలచింది ఒక్కటే. క్యాన్సర్లు అన్నీ నుదుటి రాతలు కావు. చాలావాటికి కారణాలు ఉన్నాయి. వాటిలో కొన్ని మన చేతిలో ఉన్నాయి. దీనికి రుజువు కోసం మనం దూరదేశాలు తిరగనక్కరలేదు. మన తీరం మీది ఒక పాత అలవాటు కథ వింటే చాలు.

ముందుగా క్యాన్సర్ అంటే ఏమిటో రెండు మాటల్లో చూద్దాం. మన శరీరం కోటానుకోట్ల జీవకణాలతో తయారైంది. పాతవి చనిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. ఎంత పెరగాలి, ఎప్పుడు ఆగాలి అనే కట్టడి కణంలోనే ఉంటుంది. పొగ, కొన్ని రసాయనాలు, కొన్ని వైరస్‌లు ఆ కట్టడిని కొద్దికొద్దిగా చెడగొడతాయి. ఒక్కొక్కప్పుడు బయటి కారణం ఏదీ లేకుండానే చెడుతుంది. అలా కట్టు తప్పిన కణం హద్దు లేకుండా పెరిగి, పక్క భాగాల్లోకి చొరబడుతుంది. ఇదే క్యాన్సర్. ఇది ఒక్కరోజులో జరిగే పని కాదు. ఏళ్ళు పడుతుంది. కాబట్టే దారిలో ఆపడానికి వీలుంది.

బయటి కారణాల వల్ల క్యాన్సర్ వస్తుందని మొదట గట్టిగా చెప్పినవారిలో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ ఒకరు. ఇళ్ళ పొగగొట్టాల్లోకి దిగి మసి దులిపే పనివారికి వృషణాల సంచి చర్మం మీద క్యాన్సర్ రావడం ఆయన గమనించాడు. దానికి మసే కారణమని 1775లో రాశాడు. 1892లో హెన్రీ బట్లిన్ అనే మరో సర్జన్ ఇంకొక సంగతి చూపించాడు. ఇంగ్లండులో కంటే ఐరోపాలోని ఇతర దేశాల్లో ఈ పనివారికి ఆ జబ్బు తక్కువ. ఎందుకంటే వాళ్ళు ఒంటిని కప్పే బట్టలు వేసుకునేవారు, పని కాగానే శుభ్రంగా కడుక్కునేవారు. కణం లోపల ఏం జరుగుతోందో అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా మసిని దూరం పెట్టినవాడు బాగుపడ్డాడు. 1915లో జపాను శాస్త్రజ్ఞుడు యమగివా కుందేళ్ళ చెవులకు తారు పదేపదే పూసి, క్యాన్సర్ పుట్టించి చూపించాడు. పాట్ మాటకు ప్రయోగశాలలోనూ బలం దొరికింది.

ఇక మన తీరానికి వద్దాం. పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువారి ఓడల్లో ఇక్కడికి చేరింది. అక్బరు కొలువులోని అసద్ బేగ్ దాన్ని బీజాపూరులో చూసి, 1604-05 ప్రాంతంలో చక్రవర్తి ముందు పెట్టాడు. కొద్ది కాలంలోనే అది దేశమంతా అల్లుకుంది. గోదావరి లంకల్లో, యానాం చుట్టుపక్కల నేలల్లో లంక పొగాకు పండింది. ఆకును చుట్టి కాలుస్తారు కనుక మనకు అది చుట్ట అయింది. తమిళుల సురుట్టు ఇంగ్లీషువాడి నోట చెరూట్ అయింది. చుట్ట కాల్చడం మగవారికే పరిమితమైన పని కూడా కాలేదు. విశాఖపట్నం, శ్రీకాకుళం, గంజాం పల్లెల్లో ఆడవారూ కాల్చారు. పైగా ఒక వింత పద్ధతిలో కాల్చారు.

ఆ పద్ధతి పేరే అడ్డపొగ. చుట్ట వెలిగించి, కాలే కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు మూసి పీల్చడం. నిప్పు లోపల, ఆకు కొస బయట. కొత్తగా చూసేవారికి ఒళ్ళు జలదరిస్తుంది గానీ, అలవాటైనవారికి అదొక సుఖం. దీనికి జనం చెప్పే కారణాలు ఉన్నాయి. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. బూడిద పిల్లల మీద, పని మీద రాలదు. చుట్ట ఎక్కువసేపు నిలుస్తుంది. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. నాట్లు వేస్తూ, బట్టలు ఉతుకుతూ, చేపలు ఎండబెడుతూ ఆడవారు అడ్డపొగ పీల్చేవారు. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్నారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతదాకా మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం జిల్లాలో చాలా భాగం అటు వెళ్ళింది. సరిహద్దు గీత పడింది కానీ, వలలకూ పెళ్ళిళ్ళకూ అలవాట్లకూ ఆ గీత అడ్డు కాలేదు. అందుకే ఇది ఒక్క శ్రీకాకుళం కథ కాదు. గీతకు ఇవతల ఉండిపోయిన మన తెలుగు ఇళ్ళ కథ కూడా.

ఈ తీరంలోని వైద్యులకు ఒక విషయం అనుమానం కలిగించింది. మామూలుగా మన దేశంలో నోటి క్యాన్సర్ బుగ్గ లోపల, నాలుక మీద, చిగుళ్ళ దగ్గర వస్తుంది. నోటి పైకప్పులో, అంటే గట్టి అంగిలిలో రావడం అరుదు. కాని ఈ ప్రాంతపు రోగుల్లో అంగిలి క్యాన్సర్ తరచుగా కనిపించేది. అందులో ఆడవారు చాలామంది. డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు 1957లో కోస్తా ఆంధ్రలోని అంగిలి క్యాన్సర్‌కూ నిప్పు లోపల పెట్టి చుట్ట కాల్చడానికీ ఉన్న సంబంధాన్ని వ్యాసంగా ప్రకటించారు. నిప్పు సెగ, పొగలోని విషాలు, రెండూ తిన్నగా తగిలేది అంగిలికే కదా!

ఆ తరవాత బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన విభాగం వారు, డాక్టర్ ఫలీ మెహతా ఆధ్వర్యంలో, ఊరూరా తిరిగి నోళ్ళు పరీక్షించే పని చేపట్టారు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్ వారితో కలిశాడు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రకటించారు. వారిలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ అలవాటు ఉన్నవారే. మగవారికన్నా ఆడవారిలో ఈ అలవాటు ఎక్కువ. చాలామంది అంగిళ్ళు తెల్లబారి, ఎర్రని చుక్కలు, మచ్చలు పడి ఉన్నాయి. ఇవన్నీ క్యాన్సర్లు కావు. కాని కొన్ని మచ్చలు, ముఖ్యంగా ఎర్రబారినవి, ముందు ముందు క్యాన్సర్‌గా మారగలవు.

ఇక్కడితో కథ ఆగితే ఇది విషాద కథే అయ్యేది. పరిశోధకులు అక్కడ ఆగలేదు. కారణం తెలిసింది సరే, ఆ కారణాన్ని తీసేస్తే జబ్బు తగ్గుతుందా? దీన్ని తేల్చడానికి కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడకందారులను 1977-78 నుంచి ఏటేటా పరీక్షించారు. ఇంటికి వెళ్ళి నచ్చజెప్పారు. సినిమాలు చూపించారు, గోడపత్రాలు అంటించారు, రేడియోలో చెప్పించారు.  అయిదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. నచ్చజెప్పినచోట మానినవారు, తగ్గించినవారు ఎక్కువయ్యారు. ఎర్నాకుళంలో నోటిలో కొత్తగా తెల్లమచ్చలు రావడం బాగా తగ్గింది. 12,212 మందిని పదేళ్ళు గమనించి 1995లో ప్రకటించిన మరో వ్యాసం కూడా ఇదే చెప్పింది. పొగాకు మానేసినవారి నోటిలో కొత్త మచ్చలు పుట్టడం తగ్గిపోతుంది.

శ్రోతలారా! ఈ సంగతి ఒకసారి నిదానంగా ఆలోచించండి. ఈ పల్లెలవారు చదువుకున్నవారు కారు. ఏళ్ళ తరబడి పొగాకుకు అలవాటు పడ్డవారు. 'ఇంత వయసొచ్చాక ఇప్పుడు మానితే ఏం లాభం?' అని అడగదగినవారే. వారి నోళ్ళే జవాబు చెప్పాయి, లాభం ఉందని. నుదుటి రాత అయితే చుట్ట పారేస్తే చెరగదు కదా! చెరిగింది కనుక అది రాత కాదు, అలవాటు.

అడ్డపొగ ఈనాడు వెనకటంతగా కనిపించకపోవచ్చు. కాని పొగాకు వేషం మార్చుకుని మన ఇళ్ళలోనే ఉంది. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ, ఒడిశాలో పళ్ళకు రుద్దుకునే గుడాకు, అన్నీ ఆ కుటుంబంలోవే. నిప్పు లేదు కనుక ముప్పు లేదనుకోవడం పొరపాటు. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది. మద్యాన్ని అదే సంస్థ 1988లోనే ఆ పట్టికలో చేర్చింది. పొగాకు, మద్యం రెండూ తోడైతే నోటికీ గొంతుకూ ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది.

నోటి సంగతి అలా ఉండగా, మిగిలిన క్యాన్సర్లలోనూ మన చేతిలో ఉన్నవి ఉన్నాయి. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్‌కు ముఖ్య కారణం ఒక వైరస్ అని కనుక్కున్నందుకు జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికి టీకా ఉంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలకు వేయించడం మేలు. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్-బి కామెర్లకూ టీకా ఉంది, పుట్టగానే వేయించాలి. ఒళ్ళు పెరగకుండా చూసుకోవడం, రోజూ కాళ్ళూ చేతులూ ఆడించడం, కూరలూ పండ్లూ తినడం కూడా ముప్పును తగ్గిస్తాయి. క్యాన్సర్లలో నూటికి 30 నుంచి 50 దాకా నివారించదగినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే మిగిలినవి మన జాగ్రత్తకు లొంగనివి. అందుచేత జబ్బు పడ్డవారిని చూసి 'నువ్వేం చేశావో' అనకండి. ఏ తప్పూ చేయనివారికీ వస్తుంది. వారికి కావలసింది ఆసరా, వైద్యం.

మిగిలింది ముందుగా గుర్తించడం. నోటిలో తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, రెండు మూడు వారాలైనా మానని పుండు గాని కనిపిస్తే ఆగవద్దు. నోరు పూర్తిగా తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా అంతే. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, మొదట్లో నొప్పి ఉండదు. కేరళలో తిరువనంతపురం ప్రాంతంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు లైటు వేసి నోరు చూశారు. అంతమాత్రానే పొగాకు, మద్యం అలవాట్లు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. పెద్ద యంత్రాలు కాదు, చిన్న లైటు, చూడాలన్న బుద్ధి. ముప్పై ఏళ్ళు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడగండి.

మీ ఇంట్లో చుట్ట కాల్చే నాయనమ్మ ఉండవచ్చు, ఖైనీ నలిపే బాబాయి ఉండవచ్చు. వారితో పోట్లాడకండి. పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి. 'ఒక్కసారి నోరు తెరువు, చూస్తాను' అనండి. మన తీరంలో ఒకనాడు కొందరు చేసింది ఆ పాటి పనే. ఫలితం మీరు విన్నారు.