2,14,74,83,647: ఎందుకూ పనికిరాదన్న నంబర్ కథ

టెన్త్‌లో ప్రైమ్ నంబర్ల పాఠం చెబుతుంటే "సార్, ఇవి ఎందుకు పనికొస్తాయి?" అని అడిగిన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ రోజు జవాబు రాలేదు. ఇవాళ ఒక్క నంబర్‌తో ఆ జవాబు చెబుతాను.

2ని 31 సార్లు వేసి గుణించండి. అందులోంచి 1 తీసేయండి. 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వస్తుంది. 1, తను తప్ప ఇంకే సంఖ్యా దీన్ని భాగించదు. అంటే ఇది ప్రైమ్.

1644లో ఫ్రాన్స్‌కి చెందిన మెర్సెన్ ఇది ప్రైమేనని రాశారు, కానీ రుజువు ఇవ్వలేదు. రుజువు చేసింది ఆయిలర్, 1772లో. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నారు, చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే 46,340 లోపు ఉన్న 4,792 ప్రైమ్‌లతో భాగించి చూడాలి. ఆయిలర్ ఏం చేశారంటే, దీన్ని భాగించేది ఏదైనా ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలని తేల్చారు. దాంతో పని 372 భాగహారాల లోపుకి వచ్చేసింది!

1811లో ఇంగ్లండ్‌లో పీటర్ బార్లో ఒక పుస్తకం రాశారు. 6 = 1+2+3 లాగా, తను కాక మిగిలిన తన కారకాలు కలిపితే మళ్లీ తనే వచ్చేదాన్ని పరిపూర్ణ సంఖ్య అంటారు. మన నంబర్‌తో కట్టిన పరిపూర్ణ సంఖ్యను మించినది ఇక ఎవరూ కనిపెట్టరని ఆయన తేల్చేశారు. ఎందుకట? ఇవి వింతలే తప్ప పనికిరావు, కాబట్టి ఎవరూ వెతకరట. 1876లో లూకాస్ 39 అంకెల మెర్సెన్ ప్రైమ్‌ని చూపించారు. దాంతో ఆ మాట పోయింది.

మరి "పనికిరావు" అన్న మాట? 32 బిట్లలో ఒకటి ప్లస్, మైనస్ గుర్తుకి పోతే మిగిలేవి 31. అన్నీ 1లైతే వచ్చేది ఈ నంబరే. 2014లో గంగ్నమ్ స్టైల్ వ్యూస్ ఈ హద్దుకి చేరినప్పుడు, కౌంటర్‌ని 64 బిట్లకి మార్చామని యూట్యూబ్ చెప్పింది. ఇక్కడ ప్రైమ్ అయినా కాకపోయినా ఒకటే. కానీ 1988లో పార్క్, మిల్లర్ సూచించిన రాండమ్ నంబర్ల పద్ధతి మాత్రం ఇది ప్రైమ్ కాబట్టే చక్కగా నడుస్తుంది.

ఇంకొకటి. చాలా కంప్యూటర్లు టైమ్‌ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. 2038 జనవరి 19, మన టైమ్‌లో ఉదయం 8:44:07కి ఆ లెక్క సరిగ్గా ఈ నంబర్‌కి చేరుతుంది. మరుసటి సెకనుకి, 32 బిట్లతో నడిచే మెషిన్ 1901 డిసెంబర్‌కి వెనక్కి పోతుంది. కొత్త ఫోన్లు ఎక్కువగా 64 బిట్లవి కాబట్టి మీకు భయం లేదు. ఎక్కడో గోడలో, ఫ్యాక్టరీలో మర్చిపోయిన పాత మెషిన్లతోనే ఇబ్బంది. వాటిని ఎవరో ఒకరు ముందే వెతికి మార్చాలి. ఆ ఎవరో మీలోనే ఉండొచ్చు.

కాబట్టి క్లాసులో ఎవరైనా "ఇవి ఎందుకు?" అని అడిగితే నవ్వకండి. ఈ కథ చెప్పండి. ఉంటాను.