పనిముట్టుకు పూజ, పనివాడికి పీట లేదు

సెప్టెంబరు 17 వచ్చిందంటే జంషెడ్‌పూర్ అంతా విశ్వకర్మ పూజ. మనవైపు దసరాకి ఆయుధ పూజ. సుత్తికీ రంపానికీ పసుపు కుంకుమలు పెడతాం, దండం పెడతాం. మరి ఆ సుత్తి పట్టే వడ్రంగినీ, కమ్మరినీ ఊళ్ళో ఏ పీట మీద కూర్చోబెట్టాం? మన పిల్లవాడు పదో తరగతిలో సుత్తి పడతానంటే సంతోషిస్తామా? పూజకి పనికొచ్చిన వస్తువు చదువుకి ఎందుకు పనికిరాలేదో కొంచెం చరిత్ర తిరగేసి చూద్దాం.

బర్మామైన్స్‌తోనే మొదలుపెడదాం. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారం పనులకు వెళ్ళిన తెలుగువాళ్ళు తరాలుగా ఉంటున్న పేట అది. జాతీయ లోహశోధన ప్రయోగశాల ఉన్నదీ అక్కడే. దానికి 1946 నవంబరులో శంకుస్థాపన చేసినవారు అప్పటి తాత్కాలిక ప్రభుత్వ మంత్రి రాజాజీ. 1950 నవంబరు 26 న నెహ్రూ ప్రారంభించారు.

ఇనుమును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే ఏమవుతుందో మన కమ్మరికి వందల ఏళ్ళుగా తెలుసు. గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. మళ్ళీ కొద్దిగా వేడిచేస్తే ఆ పెళుసుదనం తగ్గుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో, అందులో కార్బన్ పాత్ర ఏమిటో చెప్పేది లోహశాస్త్రం. కమ్మరికి చేత తెలిసినదీ శాస్త్రవేత్తకు బుర్రకు తెలిసినదీ ఒకచోట కలవాలి. అలా కలవడానికి బడికంటే మంచి చోటు ఏముంది?

అదే రాజాజీ 1953 లో మద్రాసు ముఖ్యమంత్రిగా ప్రాథమిక విద్యలో కొత్త పథకం పెట్టారు. పల్లెటూరి పిల్లలకు రోజుకు మూడు గంటలే బడి. మిగతా సమయంలో ఇంటి దగ్గర తండ్రి చేసే పని నేర్చుకోవాలి. అప్పటికి ఆంధ్ర జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. 'కులవృత్తి విద్య' అని పెరియార్ దాన్ని ఎండగట్టారు. 1954 లో రాజాజీ పదవి దిగిపోయారు, కామరాజ్ వచ్చి పథకం ఎత్తేశారు. చేతిపని నేర్పడం ఇక్కడ తప్పు కాదు. ఎవరికి ఏ పని అన్నది పుట్టుకను బట్టి నిర్ణయించడమే తప్పు. చాకలి కొడుకు బట్టలుతకడం నేర్చుకుంటాడు సరే, ప్లీడరు కొడుకు ఏం నేర్చుకుంటాడు?

ఇదే పనిని తలకిందులు చేసి చూపిన దేశం ఫిన్లాండు. ఉనో సిగ్నేయస్ అనే విద్యావేత్త కృషివల్ల 1866 లో అక్కడి పల్లె బడుల్లో చేతిపని పాఠ్యాంశమైంది. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ ఆ పద్ధతి నేర్పే ఉపాధ్యాయులను తయారుచేశాడు. పిల్లలందరినీ వడ్రంగులను చెయ్యడం వారి ఉద్దేశం కాదు. తేలిక వస్తువుతో మొదలుపెట్టి కష్టమైనదాకా, కన్నూ చెయ్యీ బుర్రా కలిసి పనిచెయ్యడం నేర్పడమే వారి ఉద్దేశం.

మన దగ్గరా ప్రయత్నాలు లేకపోలేదు. బందరులో 1910 లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతో పాటు చేతిపనులూ నేర్పింది. 1937 లో వార్ధాలో గాంధీ చేతిపని కేంద్రంగా విద్య ఉండాలన్నారు. అయితే పిల్లలు చేసిన సరుకు అమ్మి బడి ఖర్చు రాబట్టాలన్న మాట కూడా అందులో కలిసింది. నేను రక్షణ లెక్కల శాఖలో పనిచేసినవాణ్ణి, ఖర్చు లెక్క చూడకుండా ఉండలేను. కానీ ఒకటి చెప్పగలను. నేర్చుకునే పిల్లవాడు పాడుచేసిన చెక్కను నష్టం కింద రాస్తే అది బడి కాదు, కార్ఖానా. ఆ చెక్క ఖరీదే చదువు ఖరీదు.

తర్వాత 1952-53 లో మొదలియార్ కమిషన్ హైస్కూళ్ళలో చేతిపని ఉండాలంది. 1964-66 లో కొఠారి కమిషన్ పని అనుభవం అంది. 1977 లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజోపయోగ ఉత్పాదక కార్యం అంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి దగ్గరా కుమ్మరి దగ్గరా పని నేర్చుకోమంది. పేర్లు మారుతూనే ఉన్నాయి. స్టోర్స్ ఆడిట్‌లో మేము చేసే మొదటి పని, పుస్తకంలో నిల్వకీ గోదాములో నిల్వకీ పొంతన ఉందా అని చూడడం. మీ ఊరి హైస్కూలుకి వెళ్ళి అడగండి: రంపం ఎక్కడుంది? మూలమట్టం ఎక్కడుంది? చివరిసారి ఏ పిల్లవాడు వాడాడు?

ఇది హేతువాదులకెందుకు అంటారా? ఒక ఇనుప ముక్కను ఆకురాయితో రాచి, మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. సందులోంచి వెలుగు కనిపిస్తే మూల సరిగ్గా రాలేదని అర్థం. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, ఎన్ని దండాలు పెట్టినా ఆ సందు పూడదు. మళ్ళీ రాయాల్సిందే. ముందు బొమ్మ గియ్యాలి, కొలవాలి, చెయ్యాలి, సరిచూడాలి, తప్పుంటే దిద్దాలి. శాస్త్రీయ పద్ధతి అంటే ఇదే కదా! మనం ఉపన్యాసాల్లో గంటసేపు చెప్పేది ఆ ముక్క అయిదు నిమిషాల్లో చెబుతుంది.

కాబట్టి మనం అడగవలసినవి రెండే. చేతిపని అన్ని కులాల పిల్లలకీ, ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకేలా నేర్పాలి. బొమ్మ గీయడం, కొలత, అందులోని శాస్త్రం దానితో పాటే నేర్పాలి. మొదటిది వదిలేస్తే 1953 మళ్ళీ వస్తుంది. రెండోది వదిలేస్తే మిగిలేది కూలిపని. ఆయుధ పూజకి పెట్టే ఖర్చుతో ఒక బడికి నాలుగు ఉలులూ, రెండు రంపాలూ కొనిపెట్టే ఊరు మీకు తెలిస్తే చెప్పండి, వెళ్ళి చూసొద్దాం.